అడాప్టరు మారితే బోర్డుకేమవుతుంది?

ఇవాళ ఏ ఇంట్లో చూసినా అరడజనుకు తక్కువ కాకుండా అడాప్టర్లుంటున్నాయి. సెల్‌ఫోనుకొకటి, టీవీ పెట్టెకొకటి, ఇంటర్నెట్ డబ్బాకొకటి, చేలో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయరుకొకటి. అన్నీ నల్లగానే ఉంటాయి, అన్నిటి తోకా ఒకేలా ఉంటుంది. పొరపాటున ఒకదాని బదులు ఇంకోటి పెట్టడం, సామాను పలక్కపోవడం, "బోర్డు పోయింది, కొత్తది వేయించుకోండి" అని షాపువాడు చెప్పడం మనందరికీ అనుభవంలో ఉన్నవే. నిజానికి అలాంటి బోర్డుల్లో చాలావాటికి పోయేది ఒకటో రెండో చిన్న భాగాలు. అవి ఏవో ఎలా కనిపెట్టాలి అన్నదే ఈ వ్యాసం. ఎలక్ట్రానిక్స్ ఒక పాఠ్యాంశంగా చదివే బి.ఎస్‌సి. విద్యార్థికి కావలసిన జ్ఞానమంతా ఇందుకు సరిపోతుంది. కావలసిన పనిముట్లలో కొన్ని మా ట్రాక్టరు షెడ్డులో కూడా దొరికాయి.

ముందు అడాప్టరు వీపు మీద ఏం రాసుంటుందో చూద్దాం. ఇన్‌పుట్ అని ఉన్నచోట 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది, దాన్ని వదిలేయవచ్చు. ఔట్‌పుట్ అన్నచోట ముఖ్యమైనవి వోల్టులు, ఆంపియర్లు, వాటి పక్కన ఒక గుర్తు. నిలువుగా కాకుండా పడుకున్న గీత, దాని కింద మూడు ముక్కల గీత ఉంటే ఏకముఖ విద్యుత్తు. పాము మెలికలాంటి గుర్తుంటే ఏకాంతర విద్యుత్తు. ఇంకో చిన్న బొమ్మ కూడా ఉంటుంది. నడుమ చుక్క, చుట్టూ అరచంద్రం, రెండు పక్కలా ప్లస్సు, మైనస్సు. నడుమ చుక్కకు ఏ గుర్తు కలిపి ఉంటే పిన్ను లోపలి రంధ్రం ఆ ధ్రువమన్నమాట. ఎక్కువ సామాన్లకు నడుమ ప్లస్సే ఉంటుంది. కొన్ని సంగీత పరికరాలకు మాత్రం నడుమ మైనస్సు పెట్టే అలవాటుంది.

ఇక్కడ మనవాళ్ళలో బలంగా ఉన్న ఒక అపోహ గురించి చెప్పాలి. "ఒక ఆంపియరు సామానుకు రెండు ఆంపియర్ల అడాప్టరు పెడితే కాలిపోతుంది" అంటుంటారు. కాలదు. వోల్టేజిని ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు ఎత్తు అనుకోండి. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కుళాయి దగ్గర అంత ఒత్తిడి. ఆంపియర్లు అనేవి ఆ ట్యాంకు ఎంత నీరు ఇవ్వగలదో చెప్పే అంకె. పెద్ద ట్యాంకైనంత మాత్రాన మన బిందె పగలదు, కుళాయి ఎంత తిప్పితే అంతే వస్తుంది. ఎత్తు పెరిగితేనే గొట్టం చిట్లుతుంది. ఈ పోలిక అన్నిచోట్లా సరిపోదని మా లెక్చరరుగారు కోప్పడతారు గాని ఇక్కడికి సరిపోతుంది. కాబట్టి వోల్టులు సరిగ్గా సమానం కావాలి, ఆంపియర్లు సామాను మీద రాసినదానికి సమానంగా గాని ఎక్కువగా గాని ఉండాలి. తక్కువైతే సామాను చెడదు గాని సరిగా పనిచెయ్యదు, అడాప్టరు వేడెక్కుతుంది.

పాతకాలపు బరువైన అడాప్టర్లతో ఇంకో చిక్కుంది. వాటిలో ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు, ఒక కెపాసిటరు తప్ప మరేమీ ఉండవు. 12 వోల్టులని రాసి ఉన్నా లోడు లేకుండా మీటరు పెడితే 16, 17 చూపిస్తుంది. 12 వోల్టుల ఏకాంతర విద్యుత్తుకు శిఖర విలువ 12ను 1.414తో గుణిస్తే దాదాపు 17 కదా! అందులో డయోడ్లు కొంచెం మింగుతాయి. ఇప్పటి తేలిక అడాప్టర్లు స్విచింగ్ రకం కనుక రాసిన వోల్టేజి దగ్గరే నిలబడతాయి.

అసలు ప్రమాదమంతా పిన్నులో ఉంది. గుండ్రటి పిన్ను బయటి వ్యాసం చాలావాటికి 5.5 మిల్లీమీటర్లు. లోపలి రంధ్రం 2.1 లేదా 2.5. 5, 9, 12, 19, 24 వోల్టులు ఏవైనా అదే పిన్నుతో రావచ్చు. టైప్-సి పిన్నులో ఈ బాధ చాలావరకు తీరింది. అది మొదట 5 వోల్టులే ఇస్తుంది. అవతల సామాను అడిగాకే 9, 15, 20 వోల్టులకు పెంచుతుంది. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి కొత్త సెల్‌ఫోన్లకు దాన్నే తప్పనిసరి చేసింది. కాని మన ఊళ్ళల్లో వాడే యంత్రాలు ఇంకా గుండ్రటి పిన్ను మీదే నడుస్తున్నాయి.

ఉదాహరణకు మా ఊరి పాలకేంద్రంలో ఫ్యాట్ మిషను తీసుకోండి. దూడల్నీ గేదెల్నీ పెంచుకునే మాబోటి ఇళ్ళకు అది తక్కెడ కన్న ముఖ్యం. పాలను లోపల వేడిచేసి, వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర అందులో ధ్వని ఎంత వేగంతో పోతుందో కొలిచి, దాన్నిబట్టి వెన్న శాతం చెబుతుంది. లోపల హీటరుంది కాబట్టి దానికి 12 వోల్టులు 5 ఆంపియర్ల అడాప్టరు, అంటే 60 వాట్లది కావాలి. ఒక లాప్‌టాప్ అడాప్టరు తీసుకుంటే 19 వోల్టులు 3.42 ఆంపియర్లు, గుణిస్తే 65 వాట్లు. రెండూ ఇటుకముక్కంత ఉంటాయి, రెండిటికీ ఒకటే బరువు, ఒకటే పిన్ను. కేంద్రంలో లెక్కల కోసం లాప్‌టాప్ కూడా ఆ బల్ల మీదే ఉంటుంది. ఒక సాయంత్రం అవి తారుమారయ్యాయి. ఎవరు మార్చారన్నది ఇక్కడ అనవసరం.

మిషను లేని రోజుల్లో సగటు వెన్న కట్టి డబ్బులిచ్చారు. ఆ సగటులో ఎవరు నష్టపోతారో చూడండి. ఒకామెకు ఒకే గేదె ఉంది, పూటకు 4 లీటర్లిస్తుంది, వెన్న 8 శాతం. సగటు 6 శాతం కట్టారనుకుందాం. కిలో వెన్నకు 800 రూపాయల ధర వేసుకుంటే, 4 లీటర్ల పాలు సుమారు 4.12 కిలోలు కనుక, రెండు శాతం తేడాకు పూటకు 66 రూపాయలు పోయినట్లు. రెండు పూటలూ పోసేవాళ్ళకు రెట్టింపు. నీళ్ళు కలిపేవాడికి మాత్రం పండగే. కంపెనీ మనిషి బోర్డు మొత్తం మార్చాలన్నాడు, పదిహేను రోజులు పడుతుందన్నాడు. కేంద్రం చూసే ఆయన నాకు వరసకు బాబాయి. "చదువుకునేది ఇదేగదరా, ఒకసారి విప్పి చూడు. ఎటూ పోయిందే కదా!" అన్నాడు. వారంటీ గడువు దాటింది కనుక విప్పడానికి అభ్యంతరం లేకపోయింది.

విప్పేముందే ఒక సూచన దొరికింది. అసలు 12 వోల్టుల అడాప్టరు మిషనుకు పెట్టకుండా ప్లగ్గులో పెడితే దాని దీపం నిలకడగా వెలుగుతోంది. మిషనుకు తగిలిస్తే మిణుకు మిణుకుమంటోంది. ఇది చూసి అడాప్టరు కూడా పోయిందని అంతా అనుకున్నారు. మల్టీమీటరును 20 వోల్టుల ఏకముఖ స్థాయిలో పెట్టి పిన్ను మీద కొలిస్తే 12.1 చూపించింది. అంటే అడాప్టరు బాగానే ఉంది. స్విచింగ్ అడాప్టరు తనమీద మోయలేని భారం పడితే తనంతట తాను ఆగిపోయి, క్షణం తర్వాత మళ్ళీ ప్రయత్నిస్తుంది. అవతల షార్టు ఉన్నంతసేపూ ఇలా ఆగుతూ లేస్తూ ఉంటుంది. మిణుకు దీపం అర్థం ఇదే. బోర్డు ముఖద్వారం దగ్గరే ప్లస్సు, మైనస్సు కలిసిపోయాయన్నమాట.

అడాప్టరు డబ్బాను మాత్రం ఎవరూ విప్పకండి. 230 వోల్టుల కరెంటును లోపల ఏకముఖంగా మార్చిన కెపాసిటరు మీద దాదాపు 325 వోల్టులు నిలవుంటాయి. ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు అక్కడే ఉంటాయి.

బోర్డును బయటికి తీశాక మొదటి పరీక్ష కళ్ళతో, ముక్కుతో. భూతద్దంతో చూడాలి. కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందా? వాటి నెత్తిమీద అడ్డంగా గాట్లు పెట్టేది లోపల వాయువు పుడితే అక్కడ చిట్లడానికే. 12 వోల్టుల లైనులో 16 వోల్టుల కెపాసిటరు వాడే తయారీదార్లున్నారు. దానికి 19 వోల్టులు తగిలితే లోపలి ఆక్సైడు పొర తట్టుకోలేదు. మా బోర్డులో అదృష్టవశాత్తు 25 వోల్టులది, 1000 మైక్రోఫారడ్లది వేశారు. అది చెక్కుచెదరలేదు. నల్లబడ్డ మచ్చ ఒక్కటే కనిపించింది, పిన్ను సాకెట్టు పక్కనున్న చదరపు నల్లముక్క దగ్గర.

తర్వాత ఫ్యూజు. బాబాయి ఫ్యూజు మీద మీటరు పెట్టించి, అది కుయ్యిమనగానే "ఫ్యూజు బాగానే ఉంది గదరా, ఇంకేం పోయుంటుంది?" అన్నాడు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఫ్యూజు 5 ఆంపియర్లది. లాప్‌టాప్ అడాప్టరు 3.42 ఆంపియర్లది, దానికి కొంచెం పైకి పోగానే తనే ఆగిపోతుంది. ఇక ఫ్యూజు కాలేదెప్పుడు? ఫ్యూజు ఉన్నది తీగ తగలబడకుండా ఆపడానికి, చిప్పును కాపాడడానికి కాదు. చిప్పు చావడానికి మిల్లీసెకన్లు చాలు. (మావైపు మోటారు స్టార్టరు డబ్బాలో ఫ్యూజు పోతే కేబులు పోగులు నాలుగు మెలేసి బిగిస్తుంటారు. అది తీగను కూడా కాపాడదు.)

ఆ నల్లముక్క పేరు టీవీఎస్ డయోడు. మీద చెక్కిన సంకేతాన్నిబట్టి అది ఎస్‌ఎంబీజే 15ఏ రకం. ప్లస్సుకూ మైనస్సుకూ అడ్డంగా కాపలాదారులా కూర్చుంటుంది. 15 వోల్టుల దాకా తానున్నట్లే తెలియనివ్వదు. 16.7 నుంచి 18.5 మధ్య ఎక్కడో తలుపు తెరిచి కరెంటును తనలోంచి నేలకు వదిలేస్తుంది. పుస్తకంలో దీని శక్తి 600 వాట్లని ఉంటుంది. కాని ఆ 600 వాట్లు మిల్లీసెకను పాటు మాత్రమే. పిడుగుపాటు వల్లో, మోటారు ఆపినప్పుడో వచ్చే మెరుపు పోటు కోసం చేసింది అది. లాప్‌టాప్ అడాప్టరు ఆగకుండా 3 ఆంపియర్ల పైన పోస్తుంటే 18 వోల్టుల దగ్గర 50, 60 వాట్లు నిలకడగా దాని మీద పడతాయి. బియ్యపుగింజంత ముక్క ఎంతసేపు ఓర్చుకుంటుంది? కరిగి షార్టయిపోయింది. ఇలాంటివి చచ్చేటప్పుడు ఎక్కువగా షార్టయి చస్తాయి, దాంతో వెనకున్నవాటికి వోల్టేజి అందకుండా పోతుంది. అంటే చచ్చి కూడా కాపలా కాసిందన్నమాట.

ఇది ఊహ. ఊహను కొలతతో తేల్చాలి. కరెంటు ఏదీ లేకుండా బోర్డు ప్లస్సు, మైనస్సుల మధ్య నిరోధం కొలిస్తే 0.4 ఓములు వచ్చింది. మీటరు తీగలు రెండూ ఒకదానికొకటి తాకిస్తేనే 0.3 చూపిస్తుంది కనుక ఇది పూర్తి షార్టే. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బాగున్న బోర్డు మీద కూడా మీటరు మొదట తక్కువ చూపించి క్రమేణా పైకెక్కుతుంది. అది కెపాసిటరు నిండడం, షార్టు కాదు. కదలకుండా నిలిచిపోయే చిన్న అంకెనే అనుమానించాలి.

సోల్డరింగ్ ఐరన్‌తో టీవీఎస్ ముక్కను లేపేశాను. విడిగా మీటరును డయోడు గుర్తు మీద పెట్టి కొలిస్తే అటు తిప్పినా ఇటు తిప్పినా సున్నాయే. మంచి డయోడైతే ఒకవైపు 0.5, 0.6 చూపించి రెండోవైపు ఏమీ చూపించకూడదు. ఊహ నిజమైంది. కాని బోర్డు మీద మళ్ళీ కొలిస్తే 3 ఓములుంది! ఒక షార్టు వెనక ఇంకో షార్టు దాక్కుని ఉంది. టీవీఎస్ ఒక్కటీ మార్చి సంబరపడినవాళ్ళు ఇక్కడ దెబ్బతింటారు.

రెండోదాన్ని పట్టడం కొంచెం కష్టం. ఎందుకంటే 12 వోల్టుల లైనుకు పది భాగాలు వేలాడుతుంటాయి, మీటరుకు అన్నీ ఒకటే 3 ఓములుగా కనిపిస్తాయి. ప్రయోగశాలలో అయితే కరెంటుకు హద్దు పెట్టుకోగల పవర్ సప్లయి ఉంటుంది. ఇంటి దగ్గర అది లేదు. అప్పుడు ట్రాక్టరు ఇండికేటరు బల్బు పనికొచ్చింది. 12 వోల్టులు 21 వాట్ల బల్బు అది. స్ప్రేయరు బ్యాటరీ ప్లస్సు నుంచి తీగ బల్బులోంచి పోయి బోర్డు ప్లస్సుకు చేరాలి. బోర్డులో ఎంత ఘోరమైన షార్టున్నా బల్బు నిండుగా వెలగడం తప్ప ఏమీ జరగదు, 1.75 ఆంపియర్లు దాటి పోదు. బల్బు లేకుండా ఆ బ్యాటరీని తిన్నగా షార్టు మీద పెడితే పదుల ఆంపియర్లు పోసి బోర్డు మీది రాగి దారుల్ని కాల్చేస్తుంది. బల్బే మన కంటికి కనిపించే మీటరు కూడా. డిస్‌ప్లే తీగ, హీటరు తీగ ముందే పీకేశాను. ఏదైనా వోల్టేజి తప్పుదారి పట్టి వస్తే ఖరీదైనవి పోకూడదు.

బల్బు వెలిగింది. నిండుగా కాదు, ముప్పాతిక వంతు. లెక్క చూస్తే బల్బు మీద 8 వోల్టులు, షార్టు మీద 4 వోల్టుల చిల్లర, కరెంటు 1.4 ఆంపియర్లు. అంటే ఆ షార్టయిన భాగంలో 6 వాట్ల దాకా వేడి పుడుతోంది. ఎక్కడుందో తెలుసుకోవడానికి వేలు పెట్టక్కర్లేదు. దూదితో బోర్డంతా ఐసోప్రొపైల్ ఆల్కహాలు పలచగా పూసి, బల్బు తగిలించి, కన్నార్పకుండా చూడాలి. అంతా తడిగా మెరుస్తుండగా ఒకచోట మాత్రం సెకన్లలో ఆరిపోయింది. డిస్‌ప్లే సాకెట్టు పక్కనున్న మూడుకాళ్ళ చిన్న రెగ్యులేటరు. గాలి ఆడేచోట, మంటకు దూరంగా చెయ్యాలి. ఆ స్పిరిటు ఇట్టే అంటుకుంటుంది.

దానిపేరు ఏఎంఎస్ 1117, 5 వోల్టులిచ్చే రకం. ఈ బోర్డులో ముఖ్యమైన 5 వోల్టుల లైను ఎల్‌ఎం 2596 అనే చిప్పు నుంచి వస్తుంది. దాని హద్దు 40 వోల్టులు, 19 వోల్టులు దానికి లెక్కేకాదు. డిస్‌ప్లేకు మాత్రం ఖర్చు కలిసొస్తుందని కాబోలు ఈ చిన్నదాన్ని తిన్నగా 12 వోల్టుల లైనుకు కట్టారు. దీని హద్దు 15. కాపలాదారు తలుపు తెరిచేదే 16.7 దాటాక! అంటే 15కూ 17కూ మధ్య ఈ చిన్న చిప్పుకు దిక్కు లేదు. నా దృష్టిలో ఇది తయారీలోని లోపమే. పాత 7805 వాడివుంటే 35 వోల్టుల దాకా ఓర్చుకునేది, మహా అయితే వేడెక్కి తనంతట తాను ఆగిపోయేది.

అయితే 7805ను తెచ్చి ఆ స్థానంలో అతికిద్దామంటే కుదరదు. 7805కు వరసగా ఇన్‌పుట్, నేల, ఔట్‌పుట్. 1117కు నేల, ఔట్‌పుట్, ఇన్‌పుట్. వెనకున్న లోహపు రెక్క కూడా ఒకదానికి నేల, ఇంకోదానికి ఔట్‌పుట్. ఈ తేడా చూసుకోకుండా పెడితే 12 వోల్టులు పోకూడని కాళ్ళకు పోతాయి. అందుకే అదే రకం తెచ్చి వేశాను. కొత్త టీవీఎస్ కూడా దాని గీత ప్లస్సు వైపు ఉండేట్లు పెట్టాను. టీవీఎస్ లేకుండా కూడా మిషను నడుస్తుంది, కొందరు మెకానిక్కులు అలాగే వదిలేస్తారు. కాని మళ్ళీ ఓ పోటు వస్తే కాపలాకు ఎవరూ ఉండరు. రెండు భాగాలకూ కలిపి ఖర్చు నలుగురం టీ తాగినంత కూడా కాలేదు.

మళ్ళీ బల్బు గుండానే కరెంటిచ్చాను. బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోయింది. ఆ మెరుపు 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు నిండడం. తర్వాత ఒక్కొక్క లైనూ కొలిచాను. 5 వోల్టుల చోట 4.97, డిస్‌ప్లే రెగ్యులేటరు దగ్గర 5.02, చిప్పుల 3.3 వోల్టుల చోట 3.31. ఇవి సరిగ్గా వచ్చాకే డిస్‌ప్లే తగిలించాలి. హీటరు తగిలించాక మాత్రం బల్బును తీసెయ్యాలి. హీటరే ఆంపియర్లు తాగుతుంది కనుక బల్బు వెలుగుతుంది, దాన్ని చూసి మళ్ళీ షార్టనుకునే ప్రమాదముంది.

దీపాలు వెలిగినంత మాత్రాన పని అయిపోలేదు. చచ్చిన మిషను కన్న తప్పు చెప్పే మిషను ఊరికి ఎక్కువ నష్టం. కాలిబ్రేషన్ అంకెలు చిప్పు జ్ఞాపకంలో ఉంటాయి, వోల్టేజి ఒడుదుడుకులకు చెదిరే అవకాశముంది. అందుకని స్విట్జర్లాండుకు చెందిన గెర్బరు 1891లో కనిపెట్టిన పాత పద్ధతినే ఆశ్రయించాం. కేంద్రం బీరువాలో వెనకటి బ్యూటిరోమీటర్లు, చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజు అలాగే ఉన్నాయి. 10 మిల్లీలీటర్ల గంధకికామ్లం, దానిమీద గోడవెంబడి మెల్లగా జారవిడిచిన 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు. బిరడా బిగించి కలిపితే సీసా చెయ్యి కాల్చేంత వేడెక్కుతుంది, గుడ్డ చుట్టి పట్టుకోవాలి. తిప్పాక 65 డిగ్రీల వేడినీళ్ళలో ఉంచి, పైకి తేలిన వెన్న స్తంభాన్ని చదవాలి.

ఒక ఆవు పాలు, రెండు గేదెల పాలు పరీక్షించాం. బ్యూటిరోమీటరు 4.0, 6.3, 7.8 చెప్పింది. మిషను వరసగా 4.1, 6.4, 7.8 చెప్పింది. ఒక్కొక్క నమూనా మూడేసిసార్లు పోసినా మిషను అంకె ఒక పదోవంతుకు మించి కదల్లేదు. మర్నాడు పొద్దుటి పాలకు సగటు తీసేసి ఎవరి శాతం వారికి రాశారు.

ఇక మిగిలింది పిన్ను. మిషనుకూ దాని అడాప్టరుకూ ఉన్న గుండ్రటి పిన్నులు కోసేసి, మర బిగించే రెండుకాళ్ళ లోహపు కనెక్టరు వేశాం. దానికి ఒకవైపు గాడి ఉంటుంది కనుక తిప్పి పెడదామన్నా పట్టదు. లాప్‌టాప్ అడాప్టరు అదే బల్ల మీదే ఉంది గాని ఇందులోకి దూరదు.